అరటిపండు పుడ్డింగ్... ప్యాకెట్ లేకుండా!

శ్రావణ శుక్రవారం పేరంటమైనా, కార్తీకమాసం నోమైనా, ఇంట్లో సత్యనారాయణ వ్రతమైనా... మర్నాటికి మన వంటింట్లో మిగిలేదేమిటో చెప్పండి చూద్దాం! అరటిపండ్లే కదూ? తాంబూలంలో రెండు, వాయనంలో రెండు, వచ్చిన చుట్టాలు తెచ్చినవి ఓ డజను. మొదటి రోజు పిల్లలు తింటారు. రెండో రోజు ఇరుగుపొరుగుకి పంచుతాం. మూడో రోజుకి తొక్క మీద నల్లమచ్చలు మొదలవుతాయి. ఇక నాలుగో రోజు ఎవరికీ పట్టవు. పారేయాలంటే మనసొప్పదు, తినాలంటే నోరొప్పదు.

సరిగ్గా ఆ మూడో రోజు పండుతోనే చేసుకునే కమ్మని తీపి వంటకం గురించి చెబుతాను. పేరు బనానా పుడ్డింగ్. పేరు ఇంగ్లీషుదే అయినా అందులో వేసేవన్నీ మన వంటింటివే. పాలు, పంచదార, అరటిపండ్లు, బిస్కెట్లు, కాస్త పిండి, ఇష్టమైతే రెండు మూడు గుడ్లు. అంతే!

"ఓస్, కస్టర్డ్ పౌడర్ ప్యాకెట్టు తెచ్చి కలిపేస్తే సరి" అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకునే మా మనవరాలి ముందు తెల్లబోయాను. ఆ కథే ముందు వినండి.

మాది హుజూర్‌నగర్. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మా చుట్టుపక్కల వరి పొలాలు పెరిగాయి. గడ్డికి కరువు లేదు కాబట్టి బర్రెలకు, పాలకు కూడా కరువు లేదు. అరటిపండ్లంటారా, బజారుకి వెళ్తే ఏడాది పొడుగునా బండ్ల మీద గెలలు వేలాడుతూనే ఉంటాయి.

ఆమధ్య జూన్‌లో మా అమ్మాయి అట్లాంటా నుంచి ఆరేళ్ల కూతుర్ని తీసుకుని వచ్చింది. ఉండేది మూడే వారాలు. వచ్చిన నాలుగో రోజు ఇంట్లో వ్రతం చేయించాం. మట్టపల్లి నరసింహస్వామి దర్శనం కూడా అయింది. అంతా బాగానే ఉంది గానీ, పిల్ల మాత్రం ఏమీ తినదు! ఎండకి నీరసపడిపోయింది. పప్పన్నం వద్దు, పెరుగన్నం వద్దు. పరమాన్నం చేస్తే మూతి తిప్పుకుంది. తల్లి విసుక్కోవడం, పిల్ల ఏడవడం, నాకు చూడలేకపోవడం... ఇదీ వరస.

"ఏం కావాలే బంగారం?" అనడిగితే చివరికి చెప్పింది. అక్కడ వాళ్ల పక్కింటి అమెరికన్ మామ్మగారు చేసి పెట్టే బనానా పుడ్డింగ్ కావాలట.

వ్రతం పండ్లు బుట్టలో అలాగే ఉన్నాయి. మా అత్తమ్మ వాటిని చూసి రోజూ ఒకటే పోరు. "గిన్ని పండ్లు పాడైతున్నయి, ఏదన్న చెయ్యరాదు పిల్లా!" అని. ఇంకేం, బజారు నుంచి కస్టర్డ్ పౌడర్ ప్యాకెట్టు తెప్పించాను. పచ్చగా కలిపి, పండు ముక్కలు వేసి పెట్టాను. పెళ్లి విందుల్లో మనం తినే ఫ్రూట్ కస్టర్డే! పిల్ల ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇది కాదమ్మమ్మా" అని గిన్నె పక్కకి నెట్టింది.

అప్పుడు మా అమ్మాయి చెప్పింది. "అమ్మా, ఆవిడ ప్యాకెట్టు వాడదు. గుడ్డు పచ్చసొన, పాలు కలిపి పొయ్యి మీద తనే కాస్తుంది" అని.

ప్యాకెట్టులో ఉన్నదేమిటి?

కస్టర్డ్ అంటే నిజానికి పాలు, గుడ్లు కలిపి సన్నటి సెగ మీద చిక్కబరచిన పదార్థం. అయితే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన ఉండేవాడు. మందుల వ్యాపారి. ఆయన భార్యకి గుడ్లు పడవు. పాపం, కస్టర్డ్ అంటే ఆవిడకి ఇష్టం. భార్య కోసం ఆయన 1837లో గుడ్డు లేకుండా, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడే పొడి తయారుచేశాడు. అదే కస్టర్డ్ పౌడర్‌కి మూలం. ఇప్పటికీ మనం కొనే ప్యాకెట్టులో ఉండేది ముఖ్యంగా కార్న్‌ఫ్లోర్, రంగు, వాసన. ఆ పచ్చరంగు గుడ్డు సొనది కాదన్నమాట!

ఇక అరటిపండు పుడ్డింగ్ అమెరికా దక్షిణ రాష్ట్రాల వంటకంగా పేరు తెచ్చుకుంది. ఆ దేశంలో ఒకప్పుడు అరటిపండు అపురూపం. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఒక్కో పండుని వెండి కాగితంలో చుట్టి పది సెంట్లకు అమ్మారట! తర్వాత ఓడల్లో గెలలు రావడం మొదలయ్యాక పండు చవకైంది. అప్పటి గృహిణులు మొదట్లో స్పాంజి కేకు ముక్కల మధ్య పండు, కస్టర్డ్ పేర్చేవారు. తర్వాత కేకు స్థానంలోకి వెనిలా బిస్కెట్లు వచ్చాయి. 1940లలో బిస్కెట్ డబ్బాల మీదే ఈ వంటకం అచ్చువేయడంతో ఇంటింటికీ చేరింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అరటి పండించేది మన దేశం. మనం చేసుకోకపోతే ఎలా చెప్పండి!

నా రెండో ప్రయత్నం... నీళ్లపాలు!

సరే, నడుం బిగించాను. పచ్చసొనలు, కార్న్‌ఫ్లోర్, పాలు కలిపి పొయ్యి మీద పెట్టాను. మా ఇంట్లో గుడ్డుకి వేరే గిన్నె, వేరే గరిటె, వరండాలో వేరే స్టవ్వు ఉన్నాయిలెండి. అక్కడే కాచాను. జున్ను కాచిన చేయి కదా నాది! సెగ ఎక్కువైతే గుడ్డు విరిగిపోతుందని భయం. చిక్కబడీ చిక్కబడగానే, ఒక్క బుడగ కూడా రాకుండానే దించేశాను. చూడ్డానికి ముద్దుగా ఉంది. బిస్కెట్లు, పండ్లు పేర్చి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను.

పొద్దున్న తీసి చూద్దును కదా... నీళ్లు! రాత్రి గరిటె నిలబడ్డ పుడ్డింగ్ పొద్దునకి పలచటి మజ్జిగలా అయిపోయింది. బిస్కెట్లు అందులో ఈదుతున్నాయి. పిల్ల ముందు పెట్టడానికి సిగ్గేసింది.

ఎందుకిలా జరిగిందో తెలిశాక, ఈ వంటకం కిటుకంతా అక్కడే ఉందని అర్థమైంది. గుడ్డు పచ్చసొనలో పిండిని కరిగించే గుణమున్న ఎంజైమ్ ఒకటి ఉంటుంది. దాని పేరు అమైలేజ్. గిన్నె బాగా కాగితేనే అది చస్తుంది. సగం వేడిలో దించేస్తే బతికే ఉండి, రాత్రంతా మెల్లగా పిండిని కరిగించి, గట్టిపడ్డ కస్టర్డ్‌ని నీళ్లు చేసేస్తుంది. మరి మరిగిస్తే గుడ్డు విరగదా? ఒట్టి పాలు, గుడ్డు అయితే విరుగుతుంది. కానీ పిండి కలిసిన గుడ్డుకి ఆ పిండే కాపు కాస్తుంది. కుతకుతమని బుడగలు వచ్చినా విరగదు. అంటే నా భయమే నా పుడ్డింగ్‌ని పాడుచేసిందన్నమాట!

ఇంకో విషయం. మన లాలాజలంలోనూ అమైలేజ్ ఉంటుంది. రుచి చూసిన చెంచాని మళ్లీ గిన్నెలో ముంచితే పుడ్డింగ్ అక్కడక్కడా నీరుకారుతుంది. "ఎంగిలి చెంచా గిన్నెలో పెట్టకు" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు చూశారా!

మూడోసారి ఆ తప్పు చేయలేదు. ఇప్పుడు మీరు చేసే పద్ధతి చెబుతాను. నాలాగా మూడుసార్లు చేయనక్కర్లేదు!

కావలసిన పదార్థాలు (ఆరుగురికి)

చిక్కటి పాలు - ముప్పావు లీటరు
పంచదార - 120 గ్రాములు (సుమారు 9 టేబుల్ స్పూన్లు)
కార్న్‌ఫ్లోర్ - 4 టేబుల్ స్పూన్లు (తలగొట్టి)
గుడ్ల పచ్చసొనలు - 3
ఉప్పు - చిటికెడు
వెన్న - 1 టేబుల్ స్పూన్
వెనిలా ఎసెన్స్ - 1 టీ స్పూన్ (లేదా అర టీ స్పూన్ ఏలకుల పొడి)
అరటిపండ్లు - 5 లేక 6
మేరీ బిస్కెట్లు - 25

తయారుచేసే విధానం

ముప్పావు లీటరు పాలలోంచి అర గ్లాసు చల్లటి పాలు ముందే పక్కన తీసి ఉంచండి. ఒక గిన్నెలో కార్న్‌ఫ్లోర్, పంచదార, ఉప్పు వేసి పొడిగా కలపండి. అందులో పచ్చసొనలు, తీసి ఉంచిన చల్లటి పాలు పోసి ఉండలు లేకుండా గిలకొట్టండి. మజ్జిగపులుసుకి శనగపిండి ఎలా కలుపుతారో అలాగే! వేడి పాలలో పిండి వేస్తే ఉండలు కట్టి తీరుతుంది. చల్లటి వాటిలోనే కలపాలి.

మిగతా పాలు అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టండి. అంచుల్లో బుడగలు రాగానే సెగ తగ్గించండి. ఆ వేడి పాలు ఒక్కొక్క గరిటె చొప్పున, మూడు నాలుగు గరిటెలు, పచ్చసొన గిన్నెలో పోస్తూ ఆగకుండా కలపండి. ఇలా చేస్తే గుడ్డు మెల్లగా వేడికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా కాగే పాలలో గుమ్మరిస్తే గుడ్డు పొరటులా ముక్కలు ముక్కలవుతుంది.

ఇప్పుడు ఈ మిశ్రమమంతా పొయ్యి మీది పాలలో పోసి, ఓ మోస్తరు సెగ మీద కలుపుతూనే ఉండండి. గరిటె గిన్నె అడుగునీ, మూలల్నీ తగులుతూ తిరగాలి. అడుగంటితే మాడువాసన పుడ్డింగంతా పట్టేస్తుంది. ఆ సమయంలో ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ మోగినా కదలకండి! ఐదారు నిమిషాల్లో చిక్కబడుతుంది. అప్పుడు దించకండి. గంజి ఉడికేటప్పుడు వచ్చినట్టు పెద్ద బుడగలు కుతకుతమని వస్తాయి. అవి మొదలైనప్పటి నుంచి మరో రెండు నిమిషాలు కలుపుతూ ఉడకనివ్వండి. ఇదే అసలు కిటుకు.

దించాక వెన్న, వెనిలా వేసి కలపండి. ఎక్కడైనా ఉండలు కనబడితే టీ వడగట్టే జాలీలో వడగట్టండి, ఎవరికీ తెలియదు! మీద మీగడలా పొర కట్టకుండా మధ్య మధ్య కలుపుతూ పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. గోరువెచ్చగా అయితే చాలు.

ఇక పేర్చడం. గాజు గిన్నె అయితే చూడ్డానికి అందంగా ఉంటుంది, లేకపోతే స్టీలు గిన్నె అయినా సరే. అడుగున బిస్కెట్లు పరవండి. వాటి మీద పావు అంగుళం మందాన తరిగిన అరటిపండు చక్రాలు పేర్చండి. పైన కస్టర్డ్ పోయండి. మళ్లీ బిస్కెట్లు, పండు, కస్టర్డ్. ఇలా రెండు మూడు వరసలు. చివరి వరస కస్టర్డే కావాలి. పండు ముక్క ఎక్కడా బయటికి కనబడకూడదు. గాలి తగిలితే నల్లబడుతుంది కదా! అందుకే పండ్లు కూడా ముందే తరిగి పెట్టుకోకుండా పేర్చే ముందే తరగండి.

చల్లారాక మూతపెట్టి కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా ఉంచితే మరీ మంచిది. బిస్కెట్ మెత్తబడి కేకులా అవుతుంది. పండు వాసన కస్టర్డ్‌కి పడుతుంది. వడ్డించే ముందు రెండు బిస్కెట్లు నలిపి పైన చల్లితే కరకరలాడుతూ బాగుంటుంది.

మిగిలిన తెల్లసొనలతో ఆ పూటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేసేయండి. వృథా కాదు.

ఏ పండు బాగుంటుంది?

ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికే పొడుగు పచ్చ అరటిపండు తొక్క పసుపుబడి, అక్కడక్కడా చిన్న గోధుమరంగు చుక్కలు పడ్డప్పుడు వాడాలి. పండేకొద్దీ కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది కాబట్టి చుక్కలు పడ్డ పండే తియ్యగా ఉంటుంది. పచ్చిగా ఉంటే వగరు, మరీ మెత్తబడితే ముద్ద. చక్కెరకేళి దొరికితే అదృష్టమే. ముక్క విడిపోకుండా నిలుస్తుంది, తీపీ బాగుంటుంది. అప్పుడు పంచదార రెండు చెంచాలు తగ్గించండి. అమృతపాణి కూడా మంచి వాసనగా ఉంటుంది. కూర అరటి మాత్రం పనికిరాదు.

తొక్క అంతా ఒకేలా నిగనిగలాడే పసుపు, కాడ మాత్రం ఆకుపచ్చ, లోపల గట్టిగా ఉంటే అలాంటి పండు తీసుకోకండి. కార్బైడ్ పెట్టి పండించడం మన దేశంలో నిషేధం. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా.

గుడ్డు తినని రోజుల్లో...

మేము గుడ్డు ముట్టమండీ అనేవారూ, శ్రావణ కార్తీకాల్లో తినమండీ అనేవారూ ఉంటారు. దేవుడి దగ్గర పెట్టిన పండ్లతో గుడ్డు కలపడానికి మనసొప్పనివారూ ఉంటారు. మా ఇంట్లోనూ అంతే. ప్రసాదం పండ్లు విడిగా తినేసి, చుట్టాలు తెచ్చిన పండ్లతోనే గుడ్డు వేసింది చేశాను. గుడ్డు లేకుండా చేయాలంటే కార్న్‌ఫ్లోర్ 5 టేబుల్ స్పూన్లు వేయండి. ముప్పావు లీటరు కావడానికి ముందు లీటరు పాలు పోసి మరగకాచండి. మరిగి చిక్కబడ్డ పాలు గుడ్డు ఇచ్చే కమ్మదనాన్ని చాలావరకు ఇస్తాయి. రంగు కోసం నాలుగు కుంకుమపువ్వు రేకులు వేడి పాలలో నానబెట్టి కలపండి. మా అత్తమ్మ తిన్నది ఇదే. "పరమాన్నానికి చెల్లె లెక్కున్నది" అని మెచ్చుకుంది!

కార్న్‌ఫ్లోర్ లేకపోతే మైదా కూడా వాడొచ్చు. పాత పద్ధతిలో చాలామంది మైదాతోనే చేసేవారు. అయితే మైదాకి చిక్కబరిచే శక్తి సగమే కాబట్టి రెట్టింపు వేయాలి. పచ్చివాసన పోయేదాకా ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉడికించాలి.

బెల్లం ఇష్టమా? 150 గ్రాముల బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి, వడగట్టి, చల్లార్చి, కస్టర్డ్ దించి గోరువెచ్చబడ్డాకే కలపండి. కాగే పాలలో బెల్లం వేస్తే విరుగుతుందని పరమాన్నం చేసే మీకు నేను చెప్పాలా!

మేరీ బిస్కెట్లకి బదులు బేకరీ వెన్న బిస్కెట్లు, మిగిలిపోయిన స్పాంజి కేకు కూడా బాగుంటాయి. హైదరాబాద్ నుంచి ఎవరైనా ఉస్మానియా బిస్కెట్లు తెస్తే తప్పకుండా వాటితో ఒకసారి చేసి చూడండి. ఆ ఉప్పదనం, పండు తీపి కలిసి భలేగా ఉంటుంది.

కొన్ని చిట్కాలు

* బర్రె పాలు మరీ చిక్కగా ఉంటే అర గ్లాసు పాలకి బదులు నీళ్లు కలుపుకోవచ్చు. లేకపోతే చల్లారాక ముద్దలా గట్టిపడుతుంది.

* పొయ్యి మీద ఉన్నప్పుడు కాస్త పలచగా అనిపించినా కంగారుపడి మళ్లీ పిండి వేయకండి. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది.

* పేర్చాక మళ్లీ వేడి చేయకూడదు. పండు ముద్దయి, కస్టర్డ్ విడిపోతుంది.

* ఎండాకాలంలో గంటకి మించి బయట ఉంచకండి. పాలు, గుడ్డు ఉన్న వంటకం కదా! మిగతా రోజుల్లోనూ రెండు గంటలు దాటనివ్వకండి. కరెంటు చాలాసేపు పోయే రోజు చేయకపోవడమే మంచిది.

* ఫ్రిజ్‌లో ఉన్నా రెండు రోజుల్లో తినేయాలి. తర్వాత పండు నల్లబడి నీరు వదులుతుంది.

* ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే దాచకుండా చెప్పండి. పండిన అరటి, పంచదార, పిండి, బిస్కెట్ అన్నీ ఉన్న వంటకం ఇది. పంచదార తగ్గించాం కదా అని గిన్నెడు పెట్టకండి.

ఇంతకీ మా మనవరాలు ఏమందంటారా? మూడోసారి చేసినది పొద్దున్నే గిన్నె తీసి చూశాను. చాకుతో కోసినట్టు నిలబడింది. చిన్న కప్పులో పెట్టిచ్చాను. ఏమీ అనలేదు. తినేసి, ఖాళీ కప్పు పట్టుకుని మళ్లీ వంటింట్లోకి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పుడ్డింగ్ ఇస్తానంటే పెరుగన్నం కూడా తిన్నది! వెళ్లేలోపు మరో రెండుసార్లు చేయించుకుంది.

వాళ్లు వెళ్లి నెల కాకముందే అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడి పక్కింటి మామ్మగారు ఊళ్లో లేరట, పిల్ల పుడ్డింగ్ కావాలని పేచీ పెడుతోందట. "అమ్మా, పొయ్యి మీద ఉంది. బుడగలు వస్తున్నాయి, దించేయనా? విరిగిపోతుందేమో!" అని ఒకటే కంగారు.

"దించకు. ఇంకో రెండు నిమిషాలు కలుపు" అన్నాను. అమెరికా వంటకాన్ని హుజూర్‌నగర్ నుంచి అమెరికాకి నేర్పించానన్నమాట!

చూశారుగా, ఇందులో మనకి రానిదేదీ లేదు. మజ్జిగపులుసు కలిపే చేయి, పరమాన్నం దించే ఒడుపు ఉంటే చాలు. కొత్తగా నేర్చుకోవలసింది ఆ రెండు నిమిషాల ధైర్యమే. ఈసారి పేరంటం అయ్యాక బుట్టలో పండ్లు నల్లబడేదాకా చూడకండి. మూడో రోజే పాలు పొయ్యి మీద పెట్టేయండి మరి!